కంటిని ఒప్పించే కటకం

ఈ పుటను ముక్కుకు తగిలేటంత దగ్గరకు తెచ్చి చదవబోయి చూడండి. అక్షరాలు అలుక్కుపోతాయి. సామాన్యమైన కన్ను శ్రమ లేకుండా చదవగల కనిష్ఠ దూరం సుమారు 25 సెంటీమీటర్లని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మరి తలకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ సాధనంలో, కంటికి కొద్ది సెంటీమీటర్ల ఎదుటనే ఉన్న తెర అంత స్పష్టంగా ఎలా కనిపిస్తున్నది?

ఆ ఘనత తెరకూ కంటికీ నడుమ ఉన్న కటకానిది. గడియారాలు బాగుచేసే పనివాడు కంటికి బిగించుకునే భూతద్దానిదీ ఇదే సూత్రం. కుంభాకార కటకానికీ, దాని నాభికీ మధ్య వస్తువును ఉంచితే, ప్రతిబింబం పెద్దదై దూరాన ఏర్పడుతుంది. నేటి సాధనాలలో అనేకం దానిని ఒకటి రెండు మీటర్ల దూరాన నిలుపుతాయి. తెర రెప్పల దగ్గరే ఉన్నా, కన్ను ఎదుటి గోడను చూస్తున్నట్లే సర్దుకుంటుంది. అందుకే చత్వారం వచ్చిన చాలామందికి ఇక్కడ చదువుకునే కళ్లద్దాలతో పని ఉండదు. హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారికి మాత్రం తమ కళ్లద్దాలు తప్పవు.

రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపితే లోతు కనిపిస్తుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే దర్పణాల సాయంతో నిరూపించాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ దర్పణాలకు బదులు కటకాలు అమర్చి, చేత పట్టుకుని చూసే చిన్న పెట్టెను రూపొందించాడు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తలకు ధరించే కంప్యూటర్ తెరను వివరించాడు. తల కదలికలను పసిగట్టే దాని యంత్రభాగం పైకప్పు నుంచి వేలాడుతుండేది.

ధరించే వస్తువుకు బరువే పెద్ద చిక్కు. విశాలమైన దృశ్యం కావాలంటే కటకం పెద్దదిగా, దళసరిగా ఉండాలి. దీనికి ఒక విరుగుడు దీపస్తంభం నుంచి వచ్చింది. కాంతి వంగేది గాజు ఉపరితలం వద్దనే గనుక, లోపలి గాజును చాలావరకు తొలగించి, ఉపరితలపు వంపును వలయాలుగా పేర్చవచ్చునని ఓగుస్తిన్ ఫ్రెనెల్ చూపాడు. 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ దీపస్తంభం అలాంటి కటకంతో వెలిగింది. 2016లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ ఆ పద్ధతినే వాడుకున్నది. అయితే వలయాల అంచుల వద్ద కాంతి చెదిరి, నల్లని నేపథ్యం మీది తెల్లని అక్షరాల చుట్టూ వెలుగు చారలు ఏర్పడతాయి.

2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3లోని ‘పాన్‌కేక్’ కటకాలు మరో దారి పట్టాయి. సగం కాంతిని పోనిచ్చి సగం మరలించే పూత, ధ్రువణ పొరలు కలిసి కాంతిని ముందుకూ వెనుకకూ నడిపిస్తాయి. దారి మడతపడినందువల్ల పరికరం పలుచనవుతుంది. దీనికీ మూల్యం ఉన్నది: ఆ పూత వద్ద రెండుమార్లు సగం చొప్పున నష్టపోయి, తెర కాంతిలో నాలుగోవంతుకు మించి కన్ను చేరదు.

వీటన్నిటితోనూ తీరని సమస్య మరొకటున్నది. చేతికందే దూరంలో సీతాకోకచిలుక కనిపిస్తే రెండు కనుగుడ్లూ ముక్కువైపు మళ్లుతాయి. నిజజీవితంలో కంటిలోని కటకం కూడా అదే దూరానికి సర్దుకుంటుంది. ఇక్కడ అలా సర్దుకుంటే బొమ్మ మసకబారుతుంది. ప్రతిబింబం మీటరు ఆవలనే ఉన్నది గదా! ఈ పెనుగులాట కంటికి అలసట కలిగిస్తుందని 2008లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. 2018లో ఫేస్‌బుక్ సంస్థ ప్రదర్శించిన ‘హాఫ్ డోమ్’ నమూనాలో, చూసే వస్తువు దూరాన్ని బట్టి తెరలే ముందుకూ వెనుకకూ జరిగేవి.

అలాంటి ఏర్పాటు లేని సాధనాన్ని ధరించి దగ్గరి వస్తువులను ఎక్కువసేపు చూసేవారు, మధ్యమధ్య దానిని తీసి కిటికీలోంచి ఒక చెట్టును చూడటం మంచిది. అక్కడ కనుగుడ్లు మళ్లే దూరమూ, కన్ను సర్దుకునే దూరమూ ఒక్కటే.