టైము చూసుకుని వచ్చే తలనొప్పి



పిల్లలు తలనొప్పి అంటే మన తిరువూరులో వెంటనే వచ్చే మాటలు నాకు తెలుసు. మామిడితోటల వెంట ఎండలో తిరిగావంటారు, సైటొచ్చిందంటారు, సైనసంటారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ క్లస్టర్ తలనొప్పి అని ఒకటుంది. పెద్దవాళ్లలోనే సుమారు వెయ్యిమందిలో ఒకరికి వస్తుంది, పిల్లల్లో ఇంకా అరుదు. అందుకే ఎవరికీ తట్టదు.

నిద్రపట్టిన గంటకో రెండు గంటలకో పిల్లాడు దిగ్గున లేస్తాడు. ఒక కంటి వెనక పొడిచేస్తున్నట్టు నొప్పి. ఆ కన్నే ఎర్రబడి బొటబొటా నీళ్లు కారుతుంది, ఆ వైపు ముక్కే దిబ్బడేస్తుంది, ఆ రెప్పే వాలుతుంది. రెండోవైపు ఏమీ ఉండదు. పార్శ్వపు నొప్పి వచ్చినవాడు చీకట్లో కదలకుండా పడుకుంటాడు. వీడు పడుకోలేడు, వరండాలో అటూ ఇటూ తిరుగుతాడు, గోడకి తల నొక్కుకుంటాడు. పావుగంట నుంచి మూడు గంటల్లోపు తగ్గిపోతుంది. మర్నాడు చాలాసార్లు అదే వేళకి మళ్లీ! ఇలా వారాల తరబడి వచ్చి, తర్వాత నెలలపాటు జాడుండదు. బడివేళకి కులాసాగా కనిపిస్తాడు కనక నాటకాలంటారు. ఆ మాట వింటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

రోజూ ఒకే గంటకి కంటిపైన వచ్చే నొప్పి గురించి వాన్ స్వీటెన్ అనే వైద్యుడు 1745లోనే రాశాడు. నొప్పి వేళ మెదడు అడుగున బాదంగింజంత ఉండే హైపోథాలమస్ అనే భాగం చురుకవుతోందని 1998లో లండన్‌ స్కానుల్లో తేలింది. మన నిద్రకీ మెలకువకీ వేళలు చూసేదీ అదే మరి.

రక్తపరీక్షలో ఈ జబ్బు దొరకదు. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఏ కన్ను అన్నవి నోటుబుక్కులో రాయండి. ఆ కన్నుని సెల్లులో వీడియో తీయండి. అవి పట్టుకుని బెజవాడలో న్యూరాలజిస్టుకి చూపించండి. లోపల గడ్డలాంటిదేమీ లేదని ఎమ్మారైతో నిర్ధారిస్తారు.

మందేమిటంటారా? ఆక్సిజన్! మాస్కుతో నిమిషానికి 12 లీటర్లు, పావుగంట. 2009లో అచ్చయిన పరిశోధనలో ఆక్సిజన్‌తో నూటికి 78 నొప్పులు పావుగంటలో తగ్గాయి, మామూలు గాలితో 20. అది పెద్దవాళ్ల మీద చేసింది. పిల్లల మీద అంత పరిశోధన లేదు, అయినా హాని తక్కువ కనక డాక్టర్లు దీన్ని వాళ్లకీ వాడతారు. పారాసెటమాల్ పనిచేసేలోపు నొప్పి దానంతటదే పోతుంది, కనక దానివల్ల లాభం లేదు. మళ్లీ మళ్లీ రాకుండా వెరాపమిల్ అనే మందు ఇస్తారు, అది గుండె లయ మీద పనిచేస్తుంది కాబట్టి ఈసీజీ తీస్తూ ఇవ్వాలి.

ఆక్సిజన్ సిలిండరు ఇంటికి తెస్తే పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా పెట్టండి. బడిలో టీచరుగారికి కూడా ఈ జబ్బు సంగతి కాగితం మీద రాసివ్వండి.