చేతికి కుదిరిన రంపం

చైన్ సా కొనేటప్పుడు చాలామంది ముందు అడిగేది ఇంజను ఎన్ని సీసీలు, గొలుసు తిరిగే బార్ ఎన్ని అంగుళాలు అని. చెట్లు కోయడంలో చేయి తిరిగినవాళ్లు మాత్రం ముందు దాన్ని ఎత్తి చూస్తారు. ముందు పిడి పట్టి లేపితే బార్ దాదాపు అడ్డంగా నిలవాలి. కొస ఒకింత కిందికి వాలినా ఫర్వాలేదు. కిందికి గుంజుతూనే ఉంటే మాత్రం ఆ బరువంతా కొద్దిసేపట్లోనే మణికట్టు మీద పడుతుంది. ఈ యంత్రం చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ పిడి కథే. ఇంజను బలం దీనికి త్వరగానే వచ్చింది. మనిషి చేతికి కుదరడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

గొలుసుకు పళ్లు పెట్టి కోయాలన్న ఆలోచన చెట్ల కోసం పుట్టింది కాదు. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ ఎముకలు కోయడానికి పళ్లున్న సన్నటి గొలుసు వాడారు. రెండు కొసలా పిడులు పట్టుకుని అటూ ఇటూ లాగేవారు. కాన్పు కష్టమైనప్పుడు కటి ఎముకల కీలు విడదీయడం దాని పనుల్లో ఒకటి.

అడవిలోకి వచ్చిన యంత్రం వేరు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటు రంపం చేశాడు. ఆ మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని థురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి, తర్వాత ఆ కొండ పేరే దానికి పెట్టాడు. దాని బరువు 58 కిలోలు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుంటేగాని కదిలేది కాదు. 1950లో స్టీల్ సంస్థ ఒక్కరే మోసుకుపోగల 16 కిలోల పెట్రోలు రంపం తెచ్చింది. 1959లో వచ్చిన 'కాంట్రా' 12 కిలోలకు దిగింది.

బరువు తగ్గితే సరిపోలేదు. పాత కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని తేలే బెండు కాపాడేది. యంత్రాన్ని పక్కకు వాల్చితే ఆ మట్టం చెడి ఇంజను ఆగిపోయేది. బెండుకు బదులు పల్చటి పొర పనిచేసే డయాఫ్రమ్ కార్బురేటర్ వచ్చాకే రంపాన్ని ఏ కోణంలోనైనా పట్టుకునే వీలు కలిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధుల్లో అడ్డంగా పడిన చెట్లను తొలగించినవాళ్లకు ఆ వీలు ఎంత విలువైనదో తెలిసే ఉంటుంది. కూలిన చెట్టు కొమ్మలు ఒకటి పైకి బిగిసి, ఒకటి కింద నలిగి ఉంటాయి. అన్నిటినీ ఒకే తీరున నిలబడి కోయడం కుదరదు.

పళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. తొలినాటి గొలుసులు చెక్కను గీకేవి, త్వరగా మొద్దుబారేవి. 1946లో అమెరికాలోని ఆరెగన్ అడవుల్లో జో కాక్స్ అనే కోతగాడు ఒక మోడును తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను శ్రద్ధగా గమనించాడు. దాని దవడలు ఎడమకూ కుడికీ మార్చి మార్చి చెక్కను కొరుకుతున్నాయి, నారకు నిలువుగానూ అడ్డంగానూ ఒకే సులువుతో సాగుతున్నాయి. ఆ దవడల వంపునే ఉక్కులో దించి, ఎడమ పన్ను, కుడి పన్ను వరుసగా వచ్చే గొలుసు తయారుచేశాడు. మరుసటి ఏడాది పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. ఈనాటికీ మన జామాయిల్, సరుగుడు తోటల్లో తిరిగే గొలుసుల పళ్లు ఆ పోలికలోనివే. పదును సరిగ్గా ఉంటే అది చెక్కను పేళ్లుగా చిమ్ముతుంది. మెత్తటి పిండి రాలుతోందంటే ఆకురాయి పట్టాల్సిన వేళయిందని అర్థం. మొద్దుబారిన గొలుసును చేత్తో అదిమి కోయాల్సి వస్తుంది. అప్పుడు ఎంత మంచి మిషనైనా చేతికి నచ్చదు.

ఇక చేతులకు జరిగిన అసలు హాని. నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగే టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ సెకనుకు 200 సార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఆ అదురు నేరుగా వేళ్లలోకి ఎక్కేది. ఏళ్ల తరబడి అలా పనిచేసినవారి వేళ్లలో రక్తనాళాలూ నరాలూ దెబ్బతిని, చలిలో వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ తెలియకుండా పోయేవి. చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమయ్యేది. ఫిన్లాండ్ అటవీ కార్మికుల్లో 1972లో 40 శాతం మందికి ఈ తెల్లవేళ్ల జబ్బు ఉన్నట్టు తేలింది.

దీనికి దొరికిన ఉపాయం చూడ్డానికి సాదాసీదాది. యంత్రాన్ని రెండు భాగాలు చేశారు: ఇంజనూ బారూ ఒకటి, పిడులు ఇంకొకటి. మధ్య రబ్బరు దిమ్మెలు గానీ స్ప్రింగులు గానీ పెట్టారు. ఇంజను తన పాటికి అదురుతుంది, ఆ అదురులో ఎక్కువ భాగం పిడిదాకా రాదు. 1960ల నుంచి ఇలాంటి రంపాలు మార్కెట్లోకి వచ్చాయి. ఫిన్లాండ్‌లో పిడి దగ్గర కంపన త్వరణం సెకను వర్గానికి 14 మీటర్ల నుంచి 2 మీటర్లకు పడిపోయింది. 1990 నాటికి జబ్బు 5 శాతానికి దిగింది. ఈ యంత్రం చరిత్రలో ఏ హార్స్‌పవర్ లెక్కకన్నా నాకు ఈ అంకెలే గొప్పవి.

అందుకే నచ్చిన రంపాన్ని ఎంచుకునేవారు పిడిని నాలుగు వైపులా పట్టి చూడాలి. ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి బిగుసుకుంటోందా? బార్ కొస పైభాగం చెక్కకు తగిలితే యంత్రం కోతగాడి మీదికి ఎగదన్నుతుంది. అప్పుడు దాన్ని ఆపేది చేతి ముందున్న బ్రేకు, ఆ బొటనవేలి పట్టు. నొక్కితేనే రేస్ ఇవ్వనిచ్చే భద్రతా మీట మీద కుడి అరచెయ్యి ఆనుతోందా, రేస్ మీట వేలికి అందుతోందా? చిన్న చేతులకు పెద్ద మిషన్ పిడి లావుగా ఉంటుంది. పొడవు బార్ వేస్తే తూకం మారిపోతుంది. బ్యాటరీ రంపాల్లో అదురు తక్కువ, అయితే బ్యాటరీ బరువుతో కలిపి ఎత్తి చూడాలి.

ఒక్క లోటు ఇంకా ఉంది. చైన్ సాలన్నీ దాదాపుగా కుడిచేతివాటానికే తయారవుతాయి. రేస్ కుడిచేతికి, బార్ యంత్రానికి కుడిపక్కన. గొలుసు ఎగదన్నినా ఒంటికి కాస్త పక్కగా పోవాలని ఆ ఏర్పాటు. ఎడమచేతివాటం వాళ్లు చేతులు మార్చి పట్టుకుంటే గొలుసు నేరుగా మెడవైపు వస్తుంది. కాబట్టి వాళ్లు కూడా కుడిచేతివాటంగానే పట్టడం నేర్చుకోవాలి. వాళ్ల కోసం మాత్రం కొనేముందు ఎత్తి చూడటమే కాదు, ఒక ఎండు దుంగను తెలిసినవారి పక్కన నిలబడి కోసి చూడటం కూడా తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం.