రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక మూల కుంగితే

సాయంత్రం నాలుగు చక్రాలపై సమంగా నిలిచిన కారు తెల్లవారేసరికి ఒక మూల కుంగి ఉంటుంది. స్టార్టు చేయగానే మెల్లగా లేచి నిలుస్తుంది. లేచింది కదా అని ఊరుకొంటే కొంతకాలానికి కంప్రెసర్ కాలిపోతుంది. వేలకు వేలు పోసి కొత్తది వేయించినా, అదీ పాతదాని దారినే పడుతుంది. కోలారు, హోసూరు ప్రాంతాల నుండి బెంగళూరు వెళ్లి ఇటువంటి కార్లు నడిపే డ్రైవర్లకూ, పాత కారు చవకగా వచ్చిందని కొన్నవారికీ ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

ఈ కార్లలో ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు బరువును మోస్తాయి. (ప్రమాద సమయంలో తెరుచుకొనే ఎయిర్ బ్యాగులు వేరు.) పద్ధతి పాతదే. 1957లో అమెరికాలో వెలువడిన కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌లో ఇది ఉండేది. గాలి కారే బాధ పడలేక చాలామంది యజమానులు తరువాత ఉక్కు స్ప్రింగులు వేయించుకొన్నారు. 1998లో వచ్చిన మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోనూ గాలి సంచులే.

కంప్రెసర్ నిరంతరం పనిచేయడానికి చేసినది కాదు. కొద్దిసేపు తిరిగి ఆగిపోవాలి. ఎక్కడో గాలి కారుతుంటే ఆ లోటు పూడ్చడానికి అది మాటిమాటికీ తిరిగి, వేడెక్కి, అరిగిపోతుంది. కనుక కాలిన కంప్రెసర్ చాలాసార్లు ఫలితమే గాని కారణం కాదు. కారణం వెదకకుండా దానిని మార్చడం చిల్లికుండలో నీరు పోయడమే.

వెదకడానికి మొదటి పరికరం కొలత టేపు. సమతలమైన చోట కారు నిలిపి, ప్రతి చక్రం నడిమి నుండి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలిచి వ్రాసుకోవాలి. ఉదయం తలుపు తీయకముందే మరల కొలవాలి. తలుపు తీస్తే కొన్ని కార్లు మేలుకొని ఎత్తు సరిచేసుకొంటాయి. నిలిపి ఉంచినప్పుడు కూడా తమంతట తామే మట్టం సరిచూసుకొనే కార్లున్నాయి. వాటిలో ఒక మూల కారితే మిగిలినవీ దానితోపాటు దిగి, దోషం ఎక్కడిదో తెలియనీయవు. అటువంటప్పుడు కారు పుస్తకం చూసి ఆ వ్యవస్థ ఫ్యూజు తీసి పరీక్షించాలి.

నాలుగు మూలలూ కొద్దిగా, సమానంగా తగ్గితే భయపడనక్కరలేదు. బడిలో చదివిన చార్లెస్ నియమం ఇక్కడ పనికివస్తుంది: 35 డిగ్రీల గాలి 20 డిగ్రీలకు చల్లబడితే ఘనపరిమాణం సుమారు 5 శాతం తగ్గుతుంది. ఒకే మూల కుంగితే ఆ సంచినో, దాని గొట్టం బిగింపునో అనుమానించాలి. రెండు మూలలు కలిసి కుంగితే గాలిని పంచే వాల్వుల పెట్టెను కూడా చూడాలి.

తరువాత సబ్బునీరు. పంక్చర్ షాపులో ట్యూబును నీటిలో ముంచి చూసినట్లే, సంచి అడుగున రబ్బరు మడతపడే చోటా, గొట్టాల బిగింపుల వద్దా నురుగు పూసి బుడగలకై కనిపెట్టాలి. మడతలోని పగులు ఒక్కొక్కసారి ఒక ఎత్తులో మూసుకొని, మరొక ఎత్తులో తెరుచుకొంటుంది. అందుచేత కారును ఎత్తించీ, దించీ రెండు విధాలా చూడాలి. గాలి మీదో, ఒంటి జాకీ మీదో నిలిచిన కారు కిందికి మాత్రం ఎవరూ దూరరాదు. గాలి ఒక్కసారిగా పోతే ప్రాణం మీదికి వస్తుంది. గట్టి స్టాండ్లపై నిలిపిన తరువాతే కిందికి వెళ్లాలి.

పగిలిన సంచికి అతుకు నిలవదు, మార్చవలసిందే. బిగింపు వద్ద కారుతుంటే మాత్రం తక్కువ ఖర్చుతోనే పోవచ్చు.

పాత కారు కొనేవారు మధ్యాహ్నం, అమ్మేవారు అప్పటికే స్టార్టు చేసి లేపి ఉంచిన కారును చూసి బయానా ఇవ్వకూడదు. రాత్రంతా కదలకుండా ఉంచమని చెప్పి, తెల్లవారుజామున టేపు పట్టుకొని వెళ్లాలి.