ఫోన్ చేతికొచ్చాక వీధి ఫొటో

గండికోటకు వెళ్లే మనవాళ్లు చాలామంది పెన్నా లోయ అంచున సెల్ఫీ దిగి వచ్చేస్తారు. కోట లోపల ఊరుంది, మనుషులు కాపురం ఉంటున్నారు. వీధి ఫొటోగ్రఫీకి సరుకంతా అక్కడే ఉంది.

పెద్ద కెమెరా మెడలో వేసుకెళ్తే అరుగు మీది పెద్దాయన సర్దుకుని కూర్చుంటాడు. ఫోన్‌నైతే ఎవరూ పట్టించుకోరు. 1930ల్లో కార్టియే బ్రెసాన్ చిన్న లైకా కెమెరాతో వీధుల్లో తిరిగిందీ ఇందుకే.

ఫోన్ మెయిన్ లెన్స్ వైడ్ కాబట్టి, దూరం నుంచి తీస్తే మనిషి చీమంత కనిపిస్తాడు. దగ్గరికి వెళ్లాల్సిందే. ఇప్పటి ఫోన్లు చాలావరకు ఒక్క నొక్కుకి పలు ఫ్రేములు కలిపి ఒక ఫొటో చేస్తాయి. అందుకే జామియా మసీదు తోరణం కింది నీడ, బయటి ఎండ రెండూ స్పష్టంగా వస్తాయి. నాకైతే ఆ నీడ నల్లగా ఉంటేనే ఇష్టం. ఎక్స్‌పోజర్ తగ్గించి తీస్తా. పరిగెత్తే పిల్లాడికి మాత్రం అప్పుడప్పుడు మూడో చెయ్యి మొలుస్తుంది!

అసలు చిక్కు వేరే. ఫిల్ము కడిగేదాకా ఫొటో ఎవరికీ కనపడేది కాదు. ఇప్పుడు బస్సు జమ్మలమడుగు చేరేలోపే ఇన్‌స్టాలో ఉంటుంది, అందులో ఉన్నామెకు తెలియకుండానే. తీశాక చూపించి అడగండి. "వద్దులేప్పా" అంటే, ఆమె ముందే తీసేయండి, డిలీట్ చేసినవి దాక్కునే ఫోల్డర్‌లోంచి కూడా.