వంతు వచ్చిన పిల్లలు

పాఠ్యపుస్తకం చాటున మరొక పుస్తకం పెట్టుకొని చదివే విద్యార్థిని పట్టుకొనుట ఉపాధ్యాయునకు కొంత సంతోషాన్నే కలిగిస్తుంది. ఈ మాట మనలో మనం ఒప్పుకొనవచ్చును. 1980 దశకంలో మధుబాబు గారి షాడో నవలలను లెక్కల పుస్తకంలో దాచి చదివి బెత్తపు దెబ్బలు తిన్న చేయి నాది. అయినను కుర్చీ మారగానే బుద్ధియు మారినది.

రెండేండ్ల క్రిందట ఒక మధ్యాహ్నం చంపకమాలకు గణవిభజన చేయిస్తూండగా, మూడవ వరుసలోని ఒక అమ్మాయి తల వంచుకొని ఉండుట గమనించాను. ఆమె ఒడిలో నల్లని అట్ట గల ఆంగ్ల నవల ఒకటి ఉన్నది. అట్టపై బంగారు వలయం, వలయంలో బాణం పట్టుకొన్న పక్షి. "తెలుగు తరగతిలో ఇంగ్లీషు నవల చదివేంత పాండిత్యమా?" అని నలుగురూ నవ్వేటట్లు ఒక మాట అని, పుస్తకం తీసుకొన్నాను. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. గంట కొట్టిన తరువాత మాత్రం వరండాలోకి వచ్చి, "మాస్టారూ, అది నా పుస్తకం కాదండి, స్నేహితురాలిదండి. రేపు ఇచ్చేస్తానని మాట ఇచ్చాను" అన్నది. రేపు చూద్దామన్నాను.

ఆ రాత్రి పరీక్ష పత్రాలు దిద్దుట ముగించి, అంతగా ఏమున్నదో చూతమని ఆ పుస్తకం తెరిచాను. ఆంగ్లం నాకు గ్రంథాలయపు మెట్ల వరకే తెలిసిన భాష. నిఘంటువు ప్రక్కన ఉండవలసినదే. కాని పది పుటలు దాటిన పిమ్మట నిఘంటువును మరచిపోయాను. తెల్లవారి నాలుగున్నరకు పుస్తకం ముగిసినది.

ఆ నవల పేరు 'ది హంగర్ గేమ్స్'. ఆకలి ఆటలు అనుకొనవచ్చును. రచయిత్రి సుజాన్ కాలిన్స్ అను అమెరికా దేశస్థురాలు. 2008లో ఇది వెలువడినది. 2009లో 'క్యాచింగ్ ఫైర్', 2010లో 'మాకింగ్‌జే' వెలువడి నవలాత్రయం పూర్తి అయినది. చెడిన లోకాన్ని ముందుకాలంలో ఊహించి చెప్పే ఇట్టి కథలను ఆంగ్లంలో డిస్టోపియా అంటారు. కౌమారంలో ఉన్నవారిని ఉద్దేశించి వ్రాసినవని అంగడివారు ముద్ర వేశారు గాని, ఏబదియేండ్లు దాటినవారు చదువరాదని ఎక్కడను వ్రాసి లేదు.

ఉత్తర అమెరికా నశించిన పిదప అక్కడ పానెం అను రాజ్యం ఏర్పడినది. నడుమ కాపిటల్ అను సంపన్న నగరం. చుట్టూ దానికి బొగ్గు, ధాన్యం, చేపలు, బట్ట సమకూర్చే పండ్రెండు మండలాలు. పూర్వం మండలాలు తిరుగుబాటు చేసి ఓడినవి. పదమూడవ మండలం భస్మమైనదని ప్రభుత్వం చెబుతుంది. ఆ తిరుగుబాటుకు శిక్షగా ఏటేటా ఒక్కొక్క మండలం నుండి పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల లోపు బాలుని ఒకనిని, బాలికను ఒకతెను చీటీ తీసి ఎన్నుకొంటారు. ఆ ఇరువది నలుగురినీ ఒక రంగస్థలంలో వదలిపెడతారు. ఒక్కరు మిగిలేవరకు వారు ఒకరినొకరు చంపుకొనవలెను. దేశమంతా దానిని టెలివిజనులో విధిగా చూడవలెను. డెబ్బది నాలుగవ ఆట సంవత్సరాన, బొగ్గు గనుల పండ్రెండవ మండలంలో, ప్రిం అను పండ్రెండేండ్ల పిల్ల పేరు వస్తుంది. అక్క కాట్నిస్ ఎవర్డీన్, పదునారేండ్లది, ముందుకు వచ్చి చెల్లెలికి బదులు తాను వెళతానంటుంది.

ఇక్కడ నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరకున్నాను. ఈ కథ నాకు తెలిసినదే! ఎన్నో యేండ్లు నేను తరగతిలో చెప్పిన ఏకచక్రపురం కథ. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి, ఇంటింటికి వంతు. వంతు వచ్చిన బ్రాహ్మణుని ఇంట భర్త నేను పోతానంటే భార్య నేను పోతానంటుంది. కూతురు నన్ను పంపండంటుంది. మాటలు పూర్తిగా రాని పసివాడు గడ్డిపరక పట్టుకొని రాక్షసుని చంపుతానంటాడు. భారతంలో మరొక సూక్ష్మం కూడ కలదు. బకుడు ఊరకనే తినుట లేదు. పరాయి దండయాత్రల నుండి ఆ ప్రదేశాన్ని కాపాడుతున్నాడు. అసలు రాజు చేతకానివాడు కనుక ప్రజలు ఆ కాపుదలకు మనుష్యులను వెలగా చెల్లిస్తున్నారు. కాపిటల్ కూడ శాంతిని కాపాడుతున్నాననే చెబుతుంది. భేదమొక్కటే: కాట్నిస్ ఇంట అతిథిగా కుంతి లేదు, భీముడు లేడు. గడ్డిపరక పట్టిన పసివాడే నిజంగా బయలుదేరవలసివచ్చిన కథ ఇది.

రచయిత్రికి భారతం తెలియునో లేదో ఆ ప్రసక్తి నాకక్కరలేదు. ఆమె చెప్పుకొన్న మూలం గ్రీకుల థీసియస్ కథ. ఏథెన్సు నగరం ఏడుగురు బాలురను, ఏడుగురు బాలికలను క్రీటు ద్వీపంలోని మినోటారుకు ఆహారంగా పంపెడిది. ఆ కథ బాల్యంలోనే ఆమె మనస్సులో నాటుకొన్నదట. ఆమె తండ్రి వైమానిక దళంలో అధికారి, 1968లో ఆమె పసితనంలో వియత్నాం యుద్ధానికి వెళ్లివచ్చినవాడు, చరిత్ర బోధించినవాడు. ఒక రాత్రి ఆమె టెలివిజను మార్చి మార్చి చూస్తూండగా ఒకచోట యువకులు పోటీపడే వినోద కార్యక్రమం, మరొకచోట ఇరాకు యుద్ధదృశ్యాలు కనబడినవట. ఆ రెండును అలసిన కంటికి కలగాపులగమైపోగా ఈ కథ పుట్టినదని ఆమెయే చెప్పినది. పానెం అనగా లాటిన్‌లో రొట్టె. రోము ప్రజలకు రొట్టె, వినోదం ఉంటే చాలునని, వారు అధికారాన్ని వదలుకొన్నారని జువెనల్ అను రోమను కవి తన పదవ వ్యంగ్యకావ్యంలో ఎత్తిపొడిచాడు. రాజ్యం పేరులోనే ఆ ఎత్తిపొడుపు ఉన్నది.

నన్ను పట్టి కూర్చోబెట్టినది మాత్రం ఈ పురాణగాథల పోలిక కాదు, ఒక లెక్క. పండ్రెండవ ఏట ప్రతి పిల్లకు ఒక చీటీ, ఏటేటా ఒకటి చొప్పున పెరిగి పదునెనిమిదవ ఏట ఏడు. ఇంతవరకు అందరికీ సమానమే. కాని పేదపిల్లలు అదనపు చీటీ వేసి దానికి మారుగా ఒక మనిషికి ఏడాదికి సరిపోయీ సరిపోని ధాన్యం, నూనె తెచ్చుకొనవచ్చును. తండ్రి గని ప్రమాదంలో పోయిన కాట్నిస్ పండ్రెండవ ఏటి నుండి తనకు, తల్లికి, చెల్లెలికి మూడు అదనపు చీటీలు వేస్తూ వచ్చినది. ఏడాదికి నాలుగు, అయిదేండ్లకు ఇరువది. ఆమె స్నేహితుడు గేల్, అయిదుగురు ఉన్న ఇంటి పెద్దకొడుకు, నలువది రెండు. చెల్లెలి చేత మాత్రం కాట్నిస్ అదనపు చీటీ వేయించలేదు. వేల చీటీలలో ప్రిందొక్కటే. ఆ ఒక్కటే వచ్చినది. న్యాయం అందరికీ ఒక్కటేనని చెప్పే చట్టం ఆకలిని త్రాసులో ఎట్లు తూచుతుందో చూపుటకు ఉపన్యాసమొకటి వ్రాయవచ్చును. ఈమె కూడిక వేసి ఊరకున్నది.

కథ అంతా కాట్నిస్ నోట, వర్తమానకాలంలో నడుస్తుంది. నడుస్తున్నాను, వింటున్నాను, విల్లు ఎక్కుపెడుతున్నాను. మన నవలలలో ఈ పద్ధతి అరుదు. భూతకాలంలో చెప్పే మనిషి చెప్పుటకు బ్రతికి ఉన్నదని మనకు ధైర్యం. ఇక్కడ ఆ ధైర్యం లేదు. కాట్నిస్ అను పేరు నీటిలో పెరిగే ఒక దుంపమొక్కది. ఆ దుంప తినవచ్చును. నిన్ను నీవు వెదకుకోగలిగినంతకాలం నీకు ఆకలి లేదని తండ్రి హాస్యమాడెడివాడు. నాకు బాగా నచ్చినది రూ అను పండ్రెండేండ్ల పిల్ల మరణం. ఆమె వ్యవసాయ మండలం నుండి వచ్చినది. పోటీదారు శవాన్ని వదలి పారిపోవలసిన చోట కాట్నిస్ ఆ పిల్లను పూలతో అలంకరిస్తుంది. అంతే. ఆయుధం లేని ఆ పనికే ప్రభుత్వం భయపడుతుంది. రూ మండలంవారు, తినీ తినని పేదలు, శత్రుమండలపు పిల్లకు రొట్టె పంపుతారు.

మరునాడు పుస్తకం తిరిగి ఇస్తూ, రెండవ భాగం దొరుకునా అని నేనే ఆ అమ్మాయిని అడిగాను. ఆమె ముఖాన ఆశ్చర్యం, కొంచెం విజయం. "తెస్తానండి. కాని మాస్టారూ, నిన్న మీరు అందరిలో అలా అన్నారు..." అని ఆగినది. తప్పు నాదేనన్నాను. తరగతిలో కూడ అన్నాను. విద్యార్థులకది చంపకమాల కంటె బాగా గుర్తున్నట్లున్నది.

రెండవ భాగం నాకు కొంత నిరాశ కలిగించినది. మరల రంగస్థలమే, మరల ఆటయే. ఇద్దరు యువకుల నడుమ ఒక అమ్మాయి అను భాగం కూడ పాఠకుల ముచ్చట కొరకు కొంత సాగదీసినట్లు తోచినది. మూడవదానితో మాత్రం ఆమె గొప్ప రచయిత్రి అనిపించుకొన్నది. మా విద్యార్థిని సరిగా దానికి విరుద్ధంగా అన్నది: "చివరిది చదివి రెండు రోజులు ఏడ్చానండి. గెలిచాక కూడా అలా ఎందుకు వ్రాయాలి?"

కథాంతం చెప్పుట మర్యాద కాదందురు. అభిమన్యుడు చనిపోతాడని తెలిసీ పద్మవ్యూహం చదివే జాతికి ఆ పట్టింపు అక్కరలేదని నా అభిప్రాయం. అక్కరయైనవారు ఈ పేరా విడిచిపెట్టవచ్చును. తిరుగుబాటు గెలుస్తుంది. కాని ఏ చెల్లెలి కొరకు కాట్నిస్ మొదట ముందుకు వచ్చినదో ఆ ప్రిం, గాయపడిన పిల్లలకు ఉపచారం చేస్తూ రెండవసారి పేలిన బాంబులకు బలి అవుతుంది. రక్షింపవచ్చినవారిని చంపే ఆ ఉపాయం గేల్ ఆలోచనలో నుండి పుట్టినదే కావచ్చును. నిశ్చయంగా ఎవరును చెప్పలేరు. గెలిచిన పక్షపు అధ్యక్షురాలు కాయిన్ ఆఖరి ఆట ఒకటి ఆడింతమంటుంది, ఈమారు కాపిటల్ పిల్లలతో. పాత నియంత స్నోను చంపుటకు విల్లు చేతికిచ్చిన క్షణాన కాట్నిస్ బాణం కాయిన్ మీదికి తిరుగుతుంది. యుద్ధం ముగిసిన తరువాత స్త్రీపర్వం ఉండవలెనని తిక్కన చదివినవారికి తెలియును. నేనామాట అంటే ఆ అమ్మాయి, "అయితే ఆ పర్వం మాకెందుకు సిలబస్‌లో లేదండి?" అన్నది. సమాధానం చెప్పలేక మరునాడు స్త్రీపర్వం నుండి పద్యాలు తెచ్చి చదివించాను.

పిల్లలు పిల్లలను చంపే కథ పిల్లల చేతికిచ్చుట తగునా అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. అమెరికాలోను అడిగారు; 2010, 2011 సంవత్సరాలలో అక్కడి గ్రంథాలయ సంఘం ప్రకటించిన, ఎక్కువ ఆక్షేపణలు వచ్చిన పది పుస్తకాల పట్టికలో ఇదియు ఉన్నది. ఈ నవలలలో చావు వేడుకగా లేదు. చావును వేడుకగా చూచేవారి మీద రోత ఉన్నది. చదివినవారు ఏమి నేర్చుకొన్నారో పుస్తకం బయట కూడ కనబడినది. పండ్రెండవ మండలంవారు ప్రియమైనవారికి వీడ్కోలుగా ఎత్తే మూడు వ్రేళ్ల వందనాన్ని, 2014లో సైనిక కుట్ర తరువాత థాయ్‌లాండు యువకులు, 2021లో మయన్మారు యువకులు వీధులలో ఎత్తి చూపారు.

ఒకనాడు ఆ అమ్మాయి ఇంకొక మాట అన్నది. "మన ఊళ్లో ర్యాంకుల బోర్డులు చూశారా మాస్టారూ? ఒక్కడి ఫోటో పెద్దగా, కింద నంబరు. మిగతావాళ్లు ఏమయ్యారో ఎవరూ వ్రాయరు." ఆ పోలిక అతిశయోక్తి అన్నాను, ఇప్పటికీ అంటాను. కాని ఆనాటి నుండి ఆ బోర్డుల క్రింద నడిచేటప్పుడు తల ఎత్తి, లేనివారి పేర్లు వెదకుతూంటాను.

కాలిన్స్ తరువాత కూడ పానెంను విడువలేదు. 2020లో వెలువడిన నవల స్నో యౌవనాన్ని, పదవ ఆటను చెబుతుంది. 2025లో వచ్చిన 'సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్' కాట్నిస్ గురువైన హేమిచ్ పదునారవ ఏటి కథ. అది ఏబదియవ ఆట, ఆ ఏడు పిల్లలు ఇరుమడి, నలువది ఎనిమిది మంది. ఆ పుస్తకం ఒకే ప్రతి మా విద్యార్థినుల నడుమ చేతులు మారుతున్నది. ఎవరెవరు ఎప్పుడు చదవవలెనో అట్ట లోపల కాగితం మీద పేర్లు వ్రాసుకొన్నారు. నా పేరు మూడవది. పరీక్షలు ముగిసిన వారంలో నా వంతు.