శాకాహారం: ఇంటి పంక్తి, హోటలు బల్ల

మన రెండు తెలుగు రాష్ట్రాలను శాకాహార ప్రాంతాలని ఎవరూ అనరు. 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం జరిపిన సర్వే ప్రకారం 15 ఏండ్లు, అంతకు పైబడినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. కాని ఆ 98 మంది ఇండ్లలో ఒక వారం పాటు పొయ్యి మీదికెక్కిన గిన్నెలను వరుసగా వ్రాసుకొని చూచినట్లయితే కథ వేరుగా కనిపిస్తుంది. చాలా ఇండ్లలో మాంసం ఆదివారపు వంట, పండుగ వంట, చుట్టం వచ్చిననాటి వంట. తక్కిన దినాలలో పప్పు, పులుసు, ఆకుకూర, పచ్చడి, మజ్జిగ, ఇవే పోషకాలు. కనుక శాకాహారమనగానే అది ఏదో కొద్దిమంది నియమమని, మిగిలినవారికి దానితో పని లేదని భావించడం సరికాదని మా అభిప్రాయం.

ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనే కళాశాలలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉన్నది. మూడేండ్లు ప్రక్కప్రక్కన కూర్చున్న మిత్రులు ఒకరి ఇంట ఒకరు ఒక్క పూటైనా భోజనం చేయకుండానే పట్టాలు పుచ్చుకొని వెళ్ళిపోవడం మేము ఎరుగుదుము. అందుకు కారణం ద్వేషం కాదు, మొగమాటం. వారింట ఏమి పెడతారో, ఏ గిన్నెలో వండుతారో అని ఒకరికి సంకోచం. మనం పెడితే తింటారో తినరో అని మరొకరికి సంకోచం. ఎదుటివారి పొయ్యి సంగతి కొంత తెలిస్తే తప్ప ఈ మొగమాటం తొలగదు.

తెలుగు ఇంటి శాకాహార భోజనానికి ఒక వరుస ఉన్నది. మొదట నెయ్యి వేసుకొని పప్పన్నం, దానితో ఊరగాయ, పిమ్మట కూర, ఆ తరువాత పులుసో చారో, చివరకు పెరుగు లేక మజ్జిగ. ఈ వరుసలో అన్నింటికంటె ముఖ్యమైనది పప్పు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంతే బియ్యంలో ఉండేవి ఏడెనిమిది గ్రాములు మాత్రమే. అంతేకాదు, బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే పదార్థం తక్కువ, పప్పులో అది సమృద్ధం. పప్పులో మెథియోనిన్ తక్కువ, ఆ లోటును బియ్యం తీరుస్తుంది. ఒకదాని కొరతను మరొకటి పూడ్చే ఈ జంటను మన పెద్దలు పుస్తకాలు చదివి కనుగొనలేదు, తిని కనుగొన్నారు. అయితే పప్పు ధర పెరిగినప్పుడల్లా ఇంటి ఇల్లాలు మొదట చేసే పని అందులో మరొక చెంబెడు నీరు పోయడం. గిన్నె నిండుగానే ఉంటుంది, రుచి కూడ పోపుతో నిలబడుతుంది; కాని ఎంత నీరు పోసినా మాంసకృత్తులు పెరగవు. అటువంటి ఇండ్లలో చివరకు తినేది ఆ ఇల్లాలే కనుక గిన్నె అడుగున మిగిలిన పలుచని కట్టు ఆమె వంతుకు వస్తుంది. శాకాహారం బలహీనమైన ఆహారమనే అపవాదు చాలవరకు ఈ నీళ్ళ పప్పు వలన వచ్చినదే.

ఇక ఉర్దూ ఇండ్లలో మాంసం లేనిదే ముద్ద దిగదని తెలుగు మిత్రులలో చాలామంది నమ్మకం. ఇంతకంటె పెద్ద అపోహ లేదు. దక్కనీ ఇంటి నిత్యపు వంటలలో ఖట్టీ దాల్ ఒకటి. కందిపప్పును గాని మసూరు పప్పును గాని మెత్తగా ఉడికించి, చింతపండు రసం పోసి, వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకులతో పోపు పెడతారు. కండ్లు మూసుకొని తిన్నవారు దీనిని పుల్లని పప్పు అనే అంటారు. ఆ పోపునే ఉర్దూలో బఘార్ అంటారు. బగారా బైంగన్ అంటే పోపు పెట్టిన వంకాయ అని అర్థం. వేరుశనగ గింజలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరి, చింతపులుసులో ఉడికించి, అందులో నాలుగుగా చీల్చిన లేత వంకాయలను మగ్గించే ఈ వంట మన గుత్తివంకాయకు తోబుట్టువే. అదే మసాలాలో పొడవు మిరపకాయలు వేస్తే మిర్చీ కా సాలన్ అవుతుంది. బిర్యానీ ప్రక్కన గిన్నెలో వచ్చే ఆ సాలన్ స్వతహాగా శాకాహారమన్న సంగతి దానిని లొట్టలు వేస్తూ తినేవారిలో కూడ ఎందరికో తట్టదు.

ఉదయపు ఖిచిడీ సంగతి ఇంకా చిత్రమైనది. హైదరాబాదు ఇండ్లలో మసూరు పప్పుతో వండిన ఖిచిడీకి తోడుగా ఖట్టా ఉంటుంది. చింతపండు రసంలో వేయించిన నువ్వుల పొడి, పచ్చిమిరప, ఉల్లిపాయ ముక్కలు కలిపి, పొయ్యి మీద పెట్టకుండానే తయారు చేస్తారు. తెలంగాణలో ఏ పల్లెకైనా వెళ్ళి దీనిని చూపి పేరేమని అడిగితే పచ్చిపులుసు అంటారు. పేర్లు రెండు, వస్తువు ఒకటి.

మాటలు కూడ వంటింట ఇట్లాగే కలిసిపోయాయి. కరివేపాకును దక్కనీ ఉర్దూలో కర్యాపాక్ అంటారు. చింతచిగురును చిగుర్ అనే అంటారు. గోంగూరకు మాత్రం అంబాడా అని వేరే పేరు ఉన్నది. చింతపండుకు ఆంగ్లభాషలోని పేరు అరబ్బీ నుండి వచ్చినది; తమ్ర్ హింద్ అంటే హిందూదేశపు ఖర్జూరం. ఇక రెండు వంటిండ్లలోనూ మనమెంతో మనవనుకొనే మిరప, టమాట, వేరుశనగ మూడూ అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి రాక తరువాతనే ఈ దేశానికి చేరాయి. కనుక ఎవరి వంట అసలైనదని వాదులాడుకోవడంలో సారం లేదు. మా ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి ఇటువంటి మాటల పట్టిక ఒకటి తయారు చేస్తే వచ్చే సంచికకు మంచి వ్యాసం కాగలదు.

వంటలు ఒకటైనా నియమాలు ఒకటి కావు. శాకాహారి అన్న ఒక్క మాట క్రింద ఎన్నో రకాలవారు ఉన్నారు. గుడ్డు తినేవారు, గుడ్డు వాసన పడనివారు, ఉల్లి వెల్లుల్లి కూడ ముట్టనివారు, శనివారం నాడు మాత్రమే మాంసం మానేవారు, కార్తికమాసమంతా మానేవారు. అతిథి ఎవరో కనుక్కోకుండా వెల్లుల్లి పోపు పెట్టిన ఖట్టీ దాల్ వడ్డిస్తే, ప్రేమతో వండినదే అయినా కొందరికి అది పనికిరాదు. ముందుగా అడగడం తప్పు కాదు. మీరు ఏమి తినరు అని అడిగితే వారు సంకోచించవచ్చు. మీ ఇంట ఏమి వండుకొంటారు అని అడిగితే సంతోషంగా చెబుతారు.

అంగడి సరకుల విషయంలో ప్రభుత్వమే గుర్తులు పెట్టినది. 2001 నుండి పొట్లాలపై శాకాహారానికి పచ్చచుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క వచ్చాయి. రంగులు గుర్తించలేనివారికి ఈ రెండు చుక్కలూ ఒకే తీరుగా కనిపించేవి. 2020 నాటి నిబంధనలలో మాంసాహారపు గుర్తును త్రిభుజంగా మార్చడంతో ఆ ఇబ్బంది తొలగినది. ఈ నిబంధనల దృష్టిలో గుడ్డు మాంసాహారమే. పాలు, తేనె కావు. ఇంకొక సంగతి. జంతువుల ఎముకల నుండి, చర్మాల నుండి తీసే జెలటిన్ అనే పదార్థాన్ని జెల్లీ మిఠాయిలలో, మందుగొట్టాలలో వాడతారు. అందులో జంతువు ఉన్నదా అని శాకాహారి చూస్తాడు. ఏ జంతువు, ఎట్లా కోసినది అని ముస్లిం మిత్రుడు చూస్తాడు. ప్రశ్నలు వేరైనా పొట్లం వెనుక భాగాన్ని ఇద్దరూ చదవవలసినదే.

అతిథి విషయంలో అసలు చిక్కు వంటకం కాదు, నమ్మకం. మాంసపు కూరలో పెట్టిన గరిటెను కడగకుండా పప్పులో పెట్టరాదు. వేపుడు నూనె ఒకటే కారాదు. వీలైతే గిన్నె వేరుగా ఉండాలి. ఇవి వినడానికి చిన్నవి. కాని ఒక్కసారి ఈ నమ్మకం చెడితే ఆ అతిథి మరల ఆ గడప తొక్కడు, ఎందుకు రాలేదో చెప్పడు కూడ. పెండ్లి విందులలో శాకాహారులకు వేరే వంటవానిని పిలిపించి, వేరే పంక్తి వేయించే ఉర్దూ కుటుంబాల మర్యాదను మేము చూచి మెచ్చుకొన్నాము. దానికి వ్యతిరేకంగా ఒక మూల తెర కట్టి, చల్లారిన అన్నం, పలుచని పప్పు ఉంచి చేతులు దులుపుకొనే విందులు కూడ లేకపోలేదు. అతిథి ఆకలితో పోడు. కాని తాను లెక్కలో లేనని తెలుసుకొని పోతాడు.

ఇంటి వెలుపల ఈ మొగమాటాన్ని చాలవరకు తీర్చినవి శాకాహార హోటళ్ళు. ఉడిపి శ్రీకృష్ణ మఠం చుట్టూ పెరిగిన అన్నదాన సంప్రదాయం, ఆ ప్రాంతపు వంటవారు దక్షిణదేశమంతటా వ్యాపించడం వీటికి మూలం. బెంగుళూరులో మావళ్ళి టిఫిన్ రూమ్స్ 1924లోను, కె. కృష్ణారావుగారి వుడ్‌లాండ్స్ మదరాసులో 1938లోను వెలిశాయి. ఈ హోటళ్ళ వలన లాభపడినవారు శాకాహారులు మాత్రమే కాదు. ఎరుగని ఊరిలో దిగిన ముస్లిం కుటుంబం మాంసం హలాలో కాదో తేల్చుకోలేనప్పుడు నిశ్చింతగా వెళ్ళి కూర్చునేది కూడ ఇడ్లీ సాంబారు దొరికే ఈ బల్లల దగ్గరనే. అందరి నియమాలూ చెల్లుబాటయ్యే చోటు ఊరిలో ఇంకొకటి ఉన్నదా అని మాకు సందేహం.

రెండు రకాలూ వండే హోటలుకు కుటుంబంతో వెళ్ళినప్పుడు మాత్రం కొంత జాగ్రత్త అవసరం. కూరగాయల సూపులో కోడి రసం పోస్తారా, గుడ్డు వేయించిన మూకుడులోనే వెజ్ ఫ్రైడ్ రైస్ చేస్తారా, చేపలు వేయించిన నూనెలోనే బజ్జీలు వేస్తారా అని సర్వరును ముందే అడగాలి. సగం తిన్న తరువాత అడిగితే ప్రయోజనం లేదు, నానమ్మగారికి ఆ పూట ఉపవాసమే. మా ఫిర్యాదు మరొకటి కూడ ఉన్నది. నేడు శాకాహార జాబితా తెరిస్తే పనీరు తరువాత పనీరు, మైదా రొట్టెలు, జీడిపప్పు ముద్దతో చిక్కబరచిన రసాలు. పనీరులో పోషణ లేకపోలేదు. కాని వృద్ధులకు ఆ వెన్న, ఆ మీగడ అరగవు, జేబుకు ఆ ధర అరగదు. అటువంటప్పుడు పెద్దలకు ఒక మీల్స్, పిల్లలకు ఇడ్లీ తెప్పించి, ఆ రొట్టె కూర ఒకటి మాత్రం అందరూ పంచుకొంటే తృప్తికి తృప్తి, పొదుపుకు పొదుపు.

పూర్తిగా శాకాహారులైన విద్యార్థులకు ఒకటి రెండు మాటలు. బి12 విటమిన్ సహజంగా మొక్కల ఆహారంలో దొరకదు; పాలు, పెరుగు మానినవారు వైద్యుని సలహా తీసుకోవాలి. ఆకుకూరల ఇనుము ఒంటబట్టడానికి నిమ్మరసం, జామపండు తోడ్పడతాయి. భోజనం కాగానే త్రాగే టీ దానికి అడ్డు తగులుతుంది. హాస్టలు మిత్రులకు ఈ చివరి మాట రుచించదని తెలుసు. అయినా గంట సేపు ఆగవచ్చును.

చివరగా కళాశాల కమిటీవారికి ఒక మనవి. వార్షికోత్సవ విందులో శాకాహారానికి వేరు గిన్నెలు, వేరు గరిటెలు ఉండేట్లు, రెండు పంక్తులూ ఒకే వేళకు మొదలయ్యేట్లు ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాము. పదార్థాల పేర్లు ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ముందుంచితే గోంగూర పచ్చడికి అంబాడా అన్న పేరు కూడ నలుగురికీ తెలుస్తుంది. వంటకాలుగా బగారా బైంగన్, ఖట్టీ దాల్, దానికి తోడు వెల్లుల్లి తిననివారి కొరకు విడిగా ముద్దపప్పు, చివరకు పెరుగన్నం చాలును. కందిపప్పు, వంకాయలు పనీరుకంటె చవక గనుక కోశాధికారిగారికి కూడ అభ్యంతరం ఉండదని తలుస్తున్నాము.