క్రొత్తవాని కంట దారెస్సలాము

క్రొత్త ఊరికి పోయినవానికి కండ్లు పదునుగా నుండును. అచ్చట పుట్టి పెరిగినవారు గమనింపని చిన్న విషయములు సైతము అతనికి వింతగా తోచును. అయితే వింతను చూచుట వేరు, దాని కారణమును తెలిసికొనుట వేరు. కారణ మెరుగనివాడు త్వరపడి నవ్వును. ఎరిగిన పిదప ఆ నవ్వు తనంతట తానే ఆగిపోవును.

పదవీ విరమణానంతరము నేను చిలకలూరిపేట విడిచి, మా కుమారుని యొద్ద కొన్ని మాసములు దారెస్సలాము నగరమున నివసించితిని. ఇది తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశమున, హిందూ మహాసముద్రపు టొడ్డున నున్న రేవుపట్టణము. ఆ దేశమునకు రాజధాని దొడొమా యైనను, అన్నింటికంటె పెద్దనగరము ఇదియే. 1860 తరువాతి దశాబ్దములో జాంజిబారు సుల్తాను మజీదు దీనిని నెలకొల్పెను. శాంతినిలయ మని దీని పేరున కర్థము చెప్పుదురు. ఉద్యోగములకును, వ్యాపారములకును వెళ్లిన తెలుగు కుటుంబములు అచ్చట కొన్ని కలవు.

అచ్చటికి పోయిన తెలుగువానిని మొట్టమొదట తికమక పెట్టునది వేళల లెక్క. ఉదయము తొమ్మిది గంటలకు వీథిలో నెవరినైనను వేళ యెంత యని యడిగినచో, "సా తాతు" అని బదులు చెప్పును. స్వాహిలీ భాషలో "సా" యనగా గంట, "తాతు" యనగా మూడు. తొమ్మిది మూడెట్లయ్యెను? మూడు గంటలకు రమ్మన్నారు గదా యని క్రొత్తవాడు మధ్యాహ్నము మూడింటికి పోవును. రమ్మన్నవాడో, ఉదయముననే వేచి చూచి వెళ్లిపోయి యుండును. అప్పుడు క్రొత్తవాడు, "ఈ ఊరివారికి గడియారము చూచుటయే రాదు" అని విసుగుకొనును.

నిజమునకు వారి లెక్క నడిరేయి నుండి కాక సూర్యోదయము నుండి మొదలగును. మన ఉదయము ఏడు గంటలు వారికి పగటి మొదటి గంట. మన మిట్టమధ్యాహ్నము వారికి ఆరవ గంట. సాయంకాలము ఆరు గంటలు వారికి పండ్రెండవ గంట. ప్రొద్దు గ్రుంకిన పిదప రాత్రి లెక్క మరల ఒకటితో నారంభమగును.

ఈ పద్ధతి అచ్చట చక్కగా నిలుచుటకు ఆకాశమే కారణము. మన చిలకలూరిపేట భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునారు డిగ్రీల దూరమున నున్నది. మనకు వేసవి పగటికిని శీతకాలపు పగటికిని ఇంచుమించు రెండు గంటల భేద ముండును. దారెస్సలాము ఆ రేఖకు దక్షిణముగా ఏడు డిగ్రీల లోపుననే యున్నది. అచ్చట ఏడాది మొత్తము మీద ఆ భేదము ఒక గంటయైనను ఉండదు. సూర్యుడు అన్ని ఋతువులలోను ఆరు గంటల ప్రాంతముననే ఉదయించి, ఆరు గంటల ప్రాంతముననే అస్తమించును. అట్టి సూర్యునికంటె నమ్మదగిన గడియార మేది?

ఇంతకును ఈ లెక్క మనకు మాత్రము క్రొత్తదా? మన పూర్వులు అహోరాత్రమును అరువది గడియలుగా విభజించిరి. ఒక్కొక్క గడియ యిరువదినాలుగు నిమిషములు. "ప్రొద్దు పొడిచిన రెండు గడియలకు" అని మన ముసలివారు చెప్పుటలో సూర్యోదయమే మొదలు గదా! నేటికిని మన పంచాంగములలో వారము మారునది సూర్యోదయముతోడనే. పైగా దారెస్సలామువారు కార్యాలయములలోను, విమానాశ్రయములోను ప్రపంచమంతయు వాడు లెక్కనే వాడుదురు. ఇండ్లలోను, అంగళ్లలోను తమ లెక్కను వాడుదురు. రెండు లెక్కలు నెరిగినవారిని ఒక్క లెక్క మాత్రమే యెరిగినవాడు పరిహసించుట తగునా?

ఇక మర్యాదల మాట. అచ్చట అంగడికి పోయి, పలుకరింపక నేరుగా సరుకు ధర యడుగుట మోటుతనముగా నెంచబడును. ముందుగా కుశలప్రశ్నలు జరుగవలెను. పిల్లలు పెద్దలను చూడగానే "షికమో" అందురు. మీ పాదములను పట్టుకొనుచున్నా నని దాని మూలార్థముగా చెప్పుదురు. పెద్దలు "మరహబా" అని దానిని స్వీకరింతురు. మనము వంగి చేయు పాదాభివందనమును వారు మాటతో చేయుచున్నా రన్నమాట. టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరె బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయనను ప్రజలు పదవుల పేర్లతో గాక, "మ్వాలిము" అని పిలిచిరి. అనగా ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయ వృత్తిలో జీవితము గడపిన నాకు ఈ సంగతి మిక్కిలి సంతోషము గలిగించినది.

అచ్చటివారి నిత్యాహారము "ఉగాలి". మరుగుచున్న యెసరులో మొక్కజొన్నపిండి పోసి, తెడ్డుతో గట్టిగా కెలికి ముద్ద చేయుదురు. దానిని చేతితో త్రుంచి కూరలో అద్దుకొని తిందురు. ఆ ప్రక్కన వడ్డించు "మ్చిచా" యను ఆకుకూర మన తోటకూర జాతిదే. మన సంకటి నెరిగినవానికి ఉగాలి వింతగా తోచదు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. పల్నాటిసీమవారిని తరతరములుగా పోషించిన జొన్నకు పుట్టినిల్లు ఆఫ్రికాఖండమే. రాగియు, సజ్జయు వేలయేండ్ల క్రిందట ఆ ఖండమునుండియే మన దేశమునకు వచ్చినవి. మన పులుసులో పడు చింతపండునకు సైతము మూలస్థానము ఆఫ్రికాయే యని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇక మనము మా సొత్తని గర్వించు గుంటూరు మిరప అమెరికాఖండములో పుట్టినది. దానిని మన దేశమునకు తెచ్చినవారు పోర్చుగీసువారు. ఉగాలికి మూలమైన మొక్కజొన్నయు అమెరికాదే. ఈ రెండును 1492 తరువాతనే ఆ ఖండము విడిచి వచ్చిన క్రొత్త చుట్టములు. నేడు అవి లేక మన భోజనమును లేదు, వారి భోజనమును లేదు.

మాటలును ఇట్లే ప్రయాణము చేసినవి. స్వాహిలీలో దుకాణమును "దూకా" యనియు, బండిని "గారి" యనియు, లక్షను "లకి" యనియు అందురు. గోనెసంచి "గునియా", చపాతి "చపాతి"యే. ఈ మాటలను మోసికొనిపోయినవి తెరచాప ఓడలు. ఏటేట డిసెంబరు మొదలు మార్చి వరకు ఈశాన్యమునుండి వీచు గాలిని ఆ తీరమువారు "కస్కాజి" యందురు. ఆ గాలి నందుకొని మన పశ్చిమతీరపు వర్తకులు ఆఫ్రికాకు పోయెడివారు. పిమ్మట "కూసి" యను దక్షిణపు గాలి వారిని మరల స్వదేశమునకు చేర్చెడిది. ఆ గాలియే సముద్రము దాటి మలుపు తిరిగి, నైరృతి ఋతుపవనమై మన పొలములపై వాన కురియును.

విద్యార్థులారా! నేడు విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదలగు మన విద్యాలయములకు ఆఫ్రికా దేశముల నుండి యువతీయువకులు చదువుకొనుటకు వచ్చుచున్నారు. ఇచ్చట క్రొత్తవారు వారు. మన వేళలు, మన కారము, మన మాటతీరు వారికి వింతలు. వారు బస్సులో ఎదురైనప్పుడు తేరిపార జూచి నవ్వువారు కొందరు కలరు. దేశము గాని దేశమున ఒంటరిగా నున్నవానికి ఆ నవ్వు ఎట్లు తగులునో, దారెస్సలాము వీథులలో క్రొత్తవాడనై తిరిగిన నేను ఊహింపగలను. అచ్చట నన్నెవ్వరును నవ్వలేదు. "కరీబు" అని పిలిచి, కూర్చుండుటకు పీట వేసిరి. ఆ మాటకు "దయచేయుడు" అని యర్థము. మన యూరికి వచ్చిన క్రొత్తవానికి మనము ముందుగా చెప్పవలసిన మాటయు అదియే.